నల్ల స్లైడు

జూన్ నెలాఖరు. గ్రీమ్స్‌పేట ల్యాబు బయట
తోతాపురి లారీలు నిలబడిపోయాయి
రేటు తేలక.
బయట సొన వాసన, లోపల స్పిరిటు వాసన.
రెండూ కలిసిన గాలిలో
మొగిలీశ్వరి చెయ్యి చాపింది.

చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది.
"రవంత చూసి పట్టుకో నాయనా,
పొట్టు రాలతాది."

మోచేతి చుట్టూ రూపాయి బిళ్లలంత మచ్చలు.
అంచు ఎరుపు, నడుమ తెలుపు,
సున్నం కొట్టి ఏళ్లయిన గోడలా
రేకులు లేచి.
పదకొండేళ్లుగా పల్ప్ ఫ్యాక్టరీలో కాయలు కోసే చెయ్యి.
కత్తికి తెలుసు, కాయకు తెలుసు,
అది ఎవరికీ ఏమీ అంటించలేదని.

డాక్టర్ ఇంతియాజ్ చీటీలో ఒకే ముక్క: సీఆర్పీ.

కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్.
ఒంట్లో ఎక్కడ మంట రేగినా
కాలేయానికి కబురందుతుంది,
ఊరంతా దండోరా వేయిస్తుంది.
దండోరా విన్నాం సరే,
మంట ఏ వీధిలో ఉందో డప్పు చెప్పదు.
చర్మం మండితే ఇది పెరుగుతుందా,
ఇది పెరిగే చర్మం మండుతుందా,
రెంటినీ ఎగదోసే మూడోవాడు ఇంకెవడైనా ఉన్నాడా?
ఇంతియాజ్ గారిని అడిగితే
కళ్లజోడు తుడుచుకున్నాడు.
"ఉండొచ్చు" అన్నాడు.
పెద్ద చదువులోంచి వచ్చిన చిన్న మాట.
నాకు నచ్చింది.

గిర్రున తిప్పితే ఎరుపు అడుక్కి దిగి
పైన సీరం తేరింది,
చెరుకు రసం మరిగే తొలి రంగులో.
నల్ల స్లైడు మీద అదొక చుక్క,
పాలలాంటి మందొక చుక్క.
కలిపి, ఊయల ఊపినట్టు రెండు నిమిషాలు ఊపాలి.
ఒకటిన్నర దాకా ఏమీ లేదు.
తర్వాత పాలు విరిగినట్టు
నలుపు మీద సన్నని తెల్ల గింజలు.
మళ్లీ ఆమె మోచెయ్యే కనిపించింది నాకు.

కాగితం మీద గింజలని రాయను కదా.
పాజిటివ్ అని రాశాను.

మర్నాడు తొమ్మిదికే తవణంపల్లె బస్సు దిగింది.
"సూపర్‌వైజరు కాయితం చదివినాడు నాయనా.
పాజిటివంటే అంటుకునేదే గదా,
కరోనాలో చూళ్లేదా అన్నాడు.
సీజనే నలభై దినాలు. ఇంగ ఇరవై ఉండాది.
గేటు కాడే నిలిపేసినారు."
ఏడవలేదు. మోచేతి మీదికి కొంగు లాక్కుంది.

తప్పు రాయలేదు నేను.
తప్పు రాయకుండానే
ఒక మనిషి కూలి పోగొట్టాను.

ఆమెను కూర్చోబెట్టి లోపలికెళ్లి
నా చేతికి నేనే సూది గుచ్చుకున్నా.
అదే మందు, అదే ఊపు.
అర నిమిషం కూడా పట్టలేదు,
నా చుక్క విరిగింది
ఆమెదానికన్నా ముతగ్గా.

అద్దంలో చూసుకున్నా.
నున్నటి మెడ, నున్నటి ముంజేతులు.
మరి ఎక్కడుంది మంట?
వారంగా నమిలితే సలుపుతున్న
దవడ పన్ను గుర్తొచ్చింది. అదీ అనుమానమే.
నన్ను మాత్రం ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు.

స్లైడు తెచ్చి ఆమె ముందు పెట్టా. "ఇది నాది."
వంగి చాలాసేపు చూసింది.
"నీకూ ఉండాయా మచ్చలు?"
"లేవు."
"మరి?"

ఆ 'మరి'కి నా దగ్గర రసాయనం లేదు.
రిపోర్టు వెనక్కి తిప్పి
నీలి సిరాతో, పెద్ద అక్షరాలతో, తెలుగులో రాశాను:
ఇది ఒకరి నుంచి ఒకరికి అంటే జబ్బు కాదు.
కింద సంతకం పెట్టే అర్హత నాకు లేదు.
అందుకే ఇంతియాజ్ గారింటికి
ఆమెతోపాటు నడిచాను, లారీల సందుల్లోంచి,
కాళ్ల కింద చితికిన కాయలు జారుతుంటే.

నాలుగడుగులు ముందు నడుస్తూ
వెనక్కి తిరక్కుండా అంది:
"ముందు నీ పన్ను చూపించుకో నాయనా."